గ్రీన్‌కార్డు వాళ్లూ, ఆర్నెల్లు దాటనీయకండి

అమ్మానాన్నలు ఉక్కునగరంలోనో ఎంవీపీ కాలనీలోనో ఉండి, తాము గ్రీన్‌కార్డుతో అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు ఇప్పుడు పౌరసత్వ పరీక్ష బెంగ పట్టుకుంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ప్రశ్నల జాబితా 100 నుంచి 128కి పెరిగింది. అధికారి 20 దాకా అడిగితే 12 సరిగ్గా చెప్పాలి. ఇంతకుముందు పదికి ఆరు చాలేది. ఎంసెట్ గట్టెక్కినవాళ్లకు ఇదో లెక్కా? నన్నడిగితే భయపడాల్సింది క్యాలెండరుకు.

నాన్నకు ఆపరేషనని వైజాగ్ వస్తారు. ఇంటినుంచే పని చేసుకోమంటాడు మేనేజరు. నెలలు దొర్లిపోతాయి. దరఖాస్తుకు ముందు అయిదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండాలన్న నిబంధన చాలామందికి తెలుసు. తెలియనిది రెండోది. ఒకే విడతలో ఆరు నెలలు దాటితే మీ నివాసం తెగిపోయినట్టే భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఏడాది గడిస్తే, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ అవకాశమూ ఉండదు. రీఎంట్రీ పర్మిట్ ఉందిగా అంటారు కొందరు. అది వెనక్కి వెళ్లడానికి పనికొస్తుంది గానీ పౌరసత్వం లెక్కను కాపాడదు.

ఆరు నెలలు దాటక తప్పకపోతే అక్కడి ఉద్యోగం వదలకండి. ఆ జీతం, ఆ ఇంటి అద్దె ఒప్పందం, అక్కడే ఉండిపోయిన కుటుంబం మీ తరఫు సాక్ష్యాలు. ఈలోగా రుషికొండలో ఏదో కంపెనీలో చేరితే ఆ ఆఫర్ లెటరే ఎదురు సాక్ష్యం. పన్ను రిటర్నులో నాన్‌రెసిడెంట్ అని రాసి నాలుగు డాలర్లు మిగుల్చుకోవడం ఇంకా ప్రమాదం. అలాంటి సలహా ఇచ్చే ఆడిటరుకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

ఒక్కరోజు మించిన ప్రతి ప్రయాణాన్నీ దరఖాస్తులో చూపాలి కాబట్టి తేదీలు ఇప్పట్నుంచే రాసిపెట్టుకోండి. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీతోపాటు అక్కడే స్థిరపడిన పెద్దవాళ్లకు 55 దాటి, గ్రీన్‌కార్డు వచ్చి 15 ఏళ్లయితే ఇంగ్లీషు పరీక్ష ఉండదు. మిగతా ప్రశ్నలకు దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబు చెప్పొచ్చు.

అమెరికా పౌరులుగా ప్రమాణం చేయగానే, 1955 పౌరసత్వ చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. పాత పాస్‌పోర్టుతో విమానం ఎక్కకండి, సరెండర్ చేసి ఓసీఐ కార్డు తీసుకోండి. దానితో వైజాగ్‌లో ఫ్లాటు కొనుక్కోవచ్చు, ఆనందపురం వైపు పొలం కొనడానికి వీల్లేదు. ఓటూ ఉండదు.