మరువం మీద జాలి పనికిరాదు

1. గింజల జోలికి పోకండి. ఇసుక రేణువంత ఉంటాయి, మొలిచినా గట్టి చినుకుకే పడిపోతాయి. పూలకొట్లో తాజా మరువం కట్ట కొన్నప్పుడు మొగ్గ లేని రెబ్బలు రెండు మూడు పక్కన పెట్టుకోండి. కింది ఆకులు తుంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నీడన ఉంచండి. రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. కొసన కొత్త చిగురు కనిపించేదాకా లాగి చూడొద్దు.

2. నీళ్లు చాలక చచ్చిన మరువం కన్నా, ఎక్కువై చచ్చిందే ఎక్కువ చూశాను. వేరు కుళ్లుతున్న మొక్క కూడా దాహంతో ఉన్నట్టే తల వాలుస్తుంది. అయ్యో పాపం అని ఇంకో చెంబు పోస్తారు, దాంతో దాని పని సరి. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఆ పూటకి వద్దు. కాండం మొదలు నల్లబడి మెత్తగా ఉందా, ఇక ఆ మొక్క మీద ఆశ వదులుకుని, పైన పచ్చగా ఉన్న రెబ్బలు కోసి వేరే కుండీలో నాటుకోండి. వానాకాలం కుండీని చూరు కిందికి జరపాలి. అడుగున పళ్లెం పెట్టే అలవాటుంటే మానండి.

3. రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. రోహిణి కార్తెలో మాత్రం మధ్యాహ్నం నీడ పట్టండి.

4. కోయడానికి వెనకాడకండి. కొసల్లో ముడుల్లాంటి పచ్చటి మొగ్గలు కడుతున్నాయంటే కత్తెర తీయాల్సిన వేళ అయింది. మూడో వంతు దాకా కోయొచ్చు. ఆకు లేని కట్టె దాకా కోస్తే మళ్లీ చిగురేయడం కష్టం. కనకాంబరాలకి రంగే గాని వాసన లేదు, కాబట్టి కోసిన రెబ్బలు ఎక్కడికి పోవాలో నేను చెప్పక్కర్లేదు! మిగిలినవి నీడన ఆరబెట్టండి, ఎండినా వాసన పోదు.

5. యూరియా వద్దు. గుబురుగా పెరుగుతుంది, వాసన పలచబడుతుంది.

6. దవనంలా ఏడాదితో పోయే మొక్క కాదు గాని, రెండు మూడేళ్లకి కట్టెబారుతుంది. ఈలోగానే దాని రెబ్బలు ఇంకో కుండీలో నాటి ఉంచుకోవాలి.

7. అమెరికాలో ఉన్న పిల్లలకి ఒక మాట. దీని పుట్టిల్లు సైప్రస్, టర్కీ వైపు, మంచుకి ఓర్చుకోదు. చలికాలం ఇంట్లో, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టండి. అక్కడ స్వీట్ మార్జోరమ్ అని అడగాలి. ఒరెగానో చూడ్డానికి దీనిలాగే ఉంటుంది. ఆకు నలిపి చూసి కొనండి: ఘాటు కొడితే అది మరువం కాదు.