ట్రాక్టరు తోలువాని చోటు: లోపములను గుర్తించుట, ఫిర్యాదు చేయుట



ట్రాక్టరు కొనునపుడు మనము హార్సుపవరు, డీజిలు ఖర్చు, ధర విచారింతుము. తోలువాడు దినమంతయు కూర్చుండు చోటును మాత్రము పరీక్షింపము. ప్రమాదము జరిగిన పిదప “తోలినవాని అజాగ్రత్త” అని సరిపెట్టుకొందుము. కాని కొన్ని ప్రమాదములకు మూలము బండి అమరికలోనే యుండును. కావున ఇంజను ఆపి, ఈ క్రింది భాగములను పరిశీలింపుడు.

1. బ్రేకు పెడళ్ళు: ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రములకు వేర్వేరు పెడళ్ళుండును. పొలములో మలుపు తిప్పుటకు ఒక్కదానినే నొక్కుదురు. రోడ్డుపై రెంటిని గొళ్ళెముతో జతపరచవలెను. ఆ గొళ్ళెము వదులై జారినచో, బ్రేకు ఒక చక్రమునకే పట్టి, వేగముగా పోవు బండి ప్రక్కకు లాగి బోల్తాపడవచ్చును.

2. స్టార్టరు స్విచ్చి: రక్షణ స్విచ్చి గల బండి, క్లచ్చి నొక్కక గేరులో నున్నపుడు స్టార్టు కారాదు. దీనిని మెకానిక్కుచేతనే పరీక్ష చేయింపుడు. నేలపై నిలిచి బండిని ఎన్నడును స్టార్టు చేయరాదు.

3. పి.టి.ఓ. షాఫ్టు: ఇది సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. 2 అంగుళముల లావు షాఫ్టు సెకనులో సుమారు నాలుగున్నర అడుగుల గుడ్డను చుట్టుకొనును. పంచె అంచు చిక్కినచో లాగుకొనుటకు వ్యవధి యుండదు. దానిపై కప్పు పగిలినను, చాలనంత పొట్టిగా నున్నను లోపమే.

4. సీటు, మెట్టు: సీటు బోల్టులు కదలుట, పెడలు రబ్బరు ఊడుట, మెట్టు జారుట, లీవరు చేతికందకుండుట చిన్న విషయములు కావు.

5. బోల్తా రక్షణ చట్రము: స్వీడన్ దేశము 1959లో క్రొత్త ట్రాక్టర్లకు దీనిని తప్పనిసరి చేసెను. చట్రమున్న బండిలో బెల్టు తప్పక కట్టుకొనవలెను. చట్రము లేని బండిలో బెల్టు కట్టుకొనరాదు. బండి క్రింద చిక్కుకొను అపాయము గలదు. ఏ బండియందైనను మడ్‌గార్డుపై మనుషులను ఎక్కింపరాదు.

లోపము కనబడినచో నోటిమాటతో విడువకుడు. ఛాసిస్ నంబరు, మీటరుపై గంటలు, తేదీ, లోపము వివరముగా వ్రాసి, ఫొటో జతచేసి డీలరుకు, కంపెనీకి పంపుడు. జాబ్ కార్డులో వ్రాయించి నకలు దాచుకొనుడు. కప్పును మీరే ఊడదీసినచో, స్విచ్చి తీగలను మీరే కలిపినచో ఫిర్యాదు నిలువదు.

పరిష్కారము కానిచో 1915 నంబరుకు తెలుపవచ్చును. స్వయముగా సేద్యము చేసి జీవించుటకు బండి కొన్న రైతు, వినియోగదారుల రక్షణ చట్టము, 2019 ప్రకారము వినియోగదారుడే. ఫిర్యాదుకు కారణము కలిగిన 2 సంవత్సరములలోపల జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. అదే సంవత్సరము మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 110ఎ విభాగము ప్రకారము, ఒకే రకపు వాహనములలో హానికరమగు లోపమున్నదని నిర్ణీత శాతము యజమానులు తెలిపినచో, వాటిని వెనుకకు పిలిపించుమని కేంద్ర ప్రభుత్వము కంపెనీని ఆదేశింపవచ్చును. కావున ఒకే మోడలు బండ్లు గల రైతులు తమ ఫిర్యాదులను విడివిడిగా నమోదు చేయించుట మేలు.

వ్రాయుట కష్టమగు రైతులకు గ్రామాధికారులు ఫిర్యాదు వ్రాసిపెట్టి తోడ్పడవలెను. బాగుచేయించు వరకు ఆ బండిని రోడ్డెక్కింపకుడు. పని రెండు దినములు ఆగినను మరల జరుపుకొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగిరాదు.