పైతల నరికితే మళ్ళీ రాదు

ప్రశ్న: నాలుగేళ్ళ కిందట నర్సరీలో ‘క్రిస్మస్ చెట్టు’ అని ఇస్తే కొన్నాం. కుండీలోనే ఏడడుగులు పెరిగి సజ్జాకు తగులుతోంది. కొమ్మలు గొడుగు ఊచల్లా వరుస మీద వరుసగా వస్తాయి. కింది రెండు వరుసలు ఎండిపోయాయి. మావారు పైతల కత్తిరిద్దామంటున్నారు. పక్కకొమ్మ నాటితే మా అమ్మాయికి ఇంకో మొక్క వస్తుందా? దీని అసలు పేరేమిటి?
– ఒక పాఠకురాలు, కామారెడ్డి

జవాబు: ముందు ఆ కత్తెర దాచేయండమ్మా. మీ మొక్క అరౌకేరియా. పసిఫిక్ సముద్రంలోని నార్‌ఫోక్ దీవి దాని పుట్టిల్లు. 1774లో ఆ దీవికి చేరిన కెప్టెన్ కుక్ ఈ నిటారు మానులను చూసి ఓడల తెరచాప స్తంభాలకు పనికొస్తాయనుకున్నాడు. సొంతగడ్డ మీద ఇది 150 అడుగులు దాటుతుంది. న్యూ కాలెడోనియాకు చెందిన కుక్ పైన్ దీని దగ్గరి చుట్టం. నర్సరీల్లో రెండూ ఒకే పేరుతో అమ్ముడవుతాయి, చిన్నప్పుడు తేడా పట్టడం కష్టం. ఎదిగాక కుక్ పైన్ భూమధ్యరేఖ వైపు వాలుతుందని 2017లో పరిశోధకులు తేల్చారు. అంటే మన దగ్గరైతే దక్షిణానికి.

ఈ చెట్టు ఎత్తంతా నడినెత్తిన ఉన్న ఒక్క మొగ్గలో ఉంటుంది. దాన్ని నరికితే ఆ పొందిక మళ్ళీ రాదు. పక్కకొమ్మ నాటితే వేరు పోసుకోవచ్చు గానీ, జీవితాంతం నేల మీద పాకుతున్నట్టు అడ్డంగానే పెరుగుతుంది. మీ అమ్మాయికి విత్తనపు మొక్కే కొనివ్వండి.

ఎండిన కొమ్మల చోట కొత్తవి రావు. వాటిని మాను దగ్గరికి కోసేసి, పైవాటిని కాపాడుకోండి. వేలు రెండు కణుపులు దించి, మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు పోయండి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవనివ్వకండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ కావాలి. తొలకరిలో పెద్ద కుండీకి మార్చండి: ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు ఒకటి. వట్టి నల్లరేగడి వాడకండి, వేర్లు కుళ్ళుతాయి.

కుండీకి జాగా చాలకపోతే, గోడకూ కరెంటు తీగలకూ కనీసం ఇరవై అడుగుల దూరంలో నేలలో నాటండి. అంత స్థలం లేదా? ఊళ్ళో బడి ఆవరణకు ఇచ్చేయండి.

ప్రశ్న: మా పొలం గట్టున సర్వి చెట్లకు చిన్న చిన్న పైన్ కాయలు కాశాయి. ఇవీ కోనిఫర్లేనా?
– ఒక రైతు, ఎల్లారెడ్డి

జవాబు: కాదు. అరౌకేరియా, పైన్ లాంటి కోనిఫర్లు పూలు పూయవు. సర్వి పూలు పూసే చెట్టు, మీరు పైన్ కాయలనుకున్నవి దాని కాయలే.

ప్రశ్న: మా మోర్‌పంకీ మొక్క లోపలి వైపు గోధుమ రంగుకు తిరుగుతోంది. చచ్చిపోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, కామారెడ్డి

జవాబు: వెలుగందని పాత ఆకు లోపల రాలిపోవడం సహజం, చేత్తో దులిపేయండి. కొసలు ఎండుతుంటే మాత్రం వేర్ల దగ్గర నీటి సంగతి చూడండి. కుండీలో ముద్దుగా కనిపించే ఇదీ నేలలో పెడితే చెట్టవుతుంది. అందుకే పాఠకులందరికీ నా మనవి: నర్సరీలో ధర అడిగే ముందు మొక్క పేరు, ఎదిగాక దాని ఎత్తు అడగండి. ఈ రెండూ చెప్పలేని చోట కొనకండి.