‘నీకేం కాదు’ అనే ముందు

రిపోర్టు చేతికొచ్చిన రోజు భార్యాభర్తల మధ్య మొదట దొర్లే మాట ‘నీకేం కాదు’. ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట విన్నవాళ్లు ఇక తమ భయం చెప్పుకోలేరు. అన్నవాళ్లు వంటింట్లోకెళ్లి కళ్లు తుడుచుకుంటారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు.

పాల్ కళానిధి, లూసీ దంపతులకు ఆ మాట అనుకునే వీలే లేకపోయింది. ఇద్దరూ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్లు. 2013లో పాల్‌కి 36 ఏళ్లు. న్యూరోసర్జరీ శిక్షణ చివరికొచ్చింది. ఊపిరి సలపని డ్యూటీలతో కాపురం అప్పటికే బీటలు వారుతోంది. అంతలో స్కాన్ తీశారు: ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో దశ. ఆ చిత్రాలు చదవడం ఇద్దరికీ వచ్చు. దాచడానికేమీ మిగల్లేదు. విచిత్రంగా, దూరం తగ్గింది అక్కడి నుంచే. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కి కూడా వెళ్లారు.

ఆశని వాళ్లు ఊరికే కూర్చోబెట్టలేదు, పని అప్పజెప్పారు. మాత్రలకు కణితులు తగ్గగానే పాల్ మళ్లీ ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టాడు. బిడ్డని కనాలని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. 2014 జులైలో పాప పుట్టింది. ఓపిక సన్నగిల్లాక పుస్తకం రాశాడు. 2015 మార్చిలో పాల్ పోయాడు. ఆ పుస్తకం ‘వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్’కి చివరి మాటలు లూసీ రాసింది. 2016లో అది లోకానికి అందింది.

అందరి కథా ఇలా ముగియదు. తొందరగా పట్టుబడితే నయమవుతున్న క్యాన్సర్లు ఎన్నో. ముగింపు మన చేతిలో ఉన్నా లేకపోయినా, రేపటి రోజు మాత్రం ఇద్దరి చేతిలో ఉంటుంది. దాన్ని పంచుకోవడానికి కొన్ని చిన్న పద్ధతులున్నాయి.

డాక్టరుని అడగాల్సినవి ఇద్దరూ ఒకే నోట్‌బుక్‌లో రాసుకోండి. జబ్బు వివరాలు ఎంతవరకు వినాలనుందో రోగినే అడగండి. పరామర్శ ఫోన్లు ఆడపడుచుకో మరిదికో అప్పగించండి. ఎవరో చెప్పిన కషాయాన్ని డాక్టరుకి తెలియకుండా తాగకండి. సాయంత్రం ఒక గంట జబ్బు ఊసే ఎత్తకండి: పాత సినిమా, పిల్లల అల్లరి, పెళ్లినాటి ఫొటోలు, ఏదైనా సరే. కనిపెట్టుకుని ఉన్నవాళ్లు వారానికి ఒక్క రాత్రయినా ఆ బాధ్యత ఇంకొకరికి ఇచ్చి నిద్రపోండి. అలిసిపోయిన మనిషి ధైర్యం చెప్పలేడు.

ఇక ‘నీకేం కాదు’ అని నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, పక్కన కూర్చుని, ఇలా అని చూడండి: ‘నాకూ భయంగానే ఉంది. రేపు పొద్దున ఎన్నింటికి బయల్దేరదాం?’