చెరలోనున్నవారి కొరకు పూటపడుట

చదువవలసిన భాగములు: ఆదికాండము 43:8-9, సామెతలు 6:1-5, ఫిలేమోను 10-19

జామీను సంతకమనగానే మన సంఘములలో సామెతల వచనము జ్ఞాపకము చేయువారు కలరు. అప్పు వ్యవహారములలో అది మంచి జాగ్రత్తయే. అయితే యూదా తన తమ్ముని కొరకు పూటపడెను. పౌలు తానే ఖైదీయై యుండియు ఒనేసిము బాకీని తన లెక్కలో వేయుమనెను.

1978లో మోతీరామ్ అను తాపీమేస్త్రి కేసు సుప్రీంకోర్టుకు వచ్చెను. అతనికి జామీను దొరికినది గాని, మధ్యప్రదేశ్‌లోని మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీ అడిగి, సొంత అన్నదమ్ముని పూచీని త్రోసివేసెను. కారణమేమనగా, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదట! జస్టిస్ కృష్ణయ్యర్ గారు దీనిని గట్టిగా తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తుపై విడువుమనిరి. దూరప్రాంతములో పట్టుబడిన తెలుగువాడు అక్కడ ఆస్తిగల జామీనుదారుని ఎక్కడనుండి తెచ్చునని ఆ తీర్పులోనే అడిగిరి. మన వంటివారికి ఇంతకంటె దగ్గరి మాట ఏమున్నది?

ఆ కాలపు గాలి వేరు. 1975-77 అత్యవసర పరిస్థితిలో రాజకీయ నాయకులే చెరసాల చూచి వచ్చిరి. బీహారు జైళ్లలో తమకు పడదగిన శిక్షను మించిన కాలము విచారణ లేక మ్రగ్గినవారి సంగతి 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు బయటపెట్టెను. జైళ్ల సంస్కరణకై 1980లో ముల్లా కమిటీ ఏర్పడెను. తరువాత గాలి మళ్లినది. 2012 ఢిల్లీ ఘోరము పిమ్మట 2013లో శిక్షలు కఠినమాయెను. 2019లో ఆంధ్ర శాసనసభ దిశ బిల్లు ఆమోదించెను. ఆడబిడ్డలకు న్యాయము కావలసినదే. కాని కఠినశిక్ష కోరు సభలలో విచారణ ఖైదీ ఊసు అరుదు. 2022 చివర దేశపు జైళ్లలోని 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణలో ఉన్నవారే.

2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను కొంత మేలు చేసినది. మునుపు శిక్షపడనివాడు గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము జైలులో గడిపినయెడల సొంత పూచీకత్తుపై విడువవలెను. (మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడదగిన నేరములకును, అనేక కేసులున్నవారికిని ఇది వర్తింపదు.) కోర్టుకు దరఖాస్తు పెట్టవలసినది జైలు సూపరింటెండెంటే.

అయితే మూడవవంతు గడుచువరకు ఎందుకు ఆగవలెను? జామీను మంజూరైనను జామీనుదారు లేక లోపలనే ఉండువారి మాట ఏమి? ఇంటిపన్ను రసీదు, రేషను కార్డు గలవారము మనము. నిన్న రైలు దిగిన కూలి కుర్రవానికి అవి లేవు. వాయిదాకు అతడు రానియెడల డబ్బు మనము కట్టవలసివచ్చును, నిజమే. కనుక ఇంటివారిని విచారించి, ఇద్దరు పెద్దలు కలిసి, వాయిదా తేదీలు వ్రాసికొని సంతకము చేయవచ్చును. ఖైదీకి ఉచిత వకీలును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చును.

చర్చించుటకు:
1. సామెతలు 6 హెచ్చరించు పూచీకిని, యూదా పూచీకిని భేదమేమి?
2. మన పట్టణపు జైలులో తెలుగు తప్ప మరేమియు రాని ఖైదీలు ఎందరున్నారో అడిగి తెలిసికొనువారెవరు?