పల్లీలు పండే దేశంలో ఆకలి

మొన్న క్లాసులో సార్ ఆఫ్రికా పటంలో సూడాన్ చూపించి "ఇక్కడ కరువు" అన్నప్పుడు వానలు పడలేదేమో అనుకున్న. చదివితే సంగతి వేరే ఉంది. ముందు మల్కాజ్‌గిరి ముచ్చట చెప్తాను.

సంక్రాంతి సెలవులకు మల్కాజ్‌గిరిలో మా అక్క ఇంటికి పోయిన. అక్క బిడ్డకు ఏడాదిన్నర. అంగన్‌వాడీ టీచరమ్మ పాప ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ నడుమ, మూడు రంగుల పట్టీ చుట్టింది. ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లలకు ఆ కొలత 12.5 సెం.మీ. ఉంటే ఆకుపచ్చ. 11.5 కన్న తగ్గితే ఎరుపు, ప్రాణానికి ప్రమాదం. నడుమ ఉంటే పసుపు. (పెద్ద టార్చి సెల్లు చుట్టూ దారం చుట్టి చూడండి, ఎరుపు ఎంత సన్నమో తెలుస్తది.) మా పాపకు 12.1 వచ్చింది. అక్క ముఖం చిన్నబోయింది.

తరువాత టీచరమ్మ పాప రెండు పాదాలు బొటనవేలితో నొక్కింది. సొట్ట పడి అట్లనే ఉంటే ఒంట్లో నీరు చేరినట్టట. ఇట్లా వాపు వచ్చే ఆకలి రోగం పేరు క్వాషియార్కర్. 1935లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ ఘనా దేశపు భాష నుండి ఆ మాట తీసుకున్నది. తరువాతి బిడ్డ పుట్టి, తల్లిపాలు ఆగిన పిల్లకు వచ్చే రోగమని దాని భావం.

తండాకు పోయి మా యాడికి (అమ్మకు) ఇది చెప్తే కొంచెంసేపు మాట్లాడలేదు. "తమ్ముడు పుట్టినంక నీ కాళ్ళు కూడ ఉబ్బినయి. పిల్ల ఒళ్ళు చేసిందన్నరు అందరు" అన్నది.

మల్కాజ్‌గిరికి దగ్గరనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు వచ్చింది. వాళ్ళు చెప్పిన 'హైదరాబాద్ మిక్స్' లెక్క రాసుకోండి: గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, పల్లీలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకు 330 కేలరీలు. అన్నీ మన ఇండ్లల్ల ఉండేవే.

అయితే ఎరుపులో ఉన్న పిల్లకు ఇది చాలదు. జబ్బు ముదిరిన పిల్లకు ఒక్కసారి కడుపునిండా పెట్టినా ప్రమాదమే. రక్తంలో లవణాలు పడిపోయి గుండె ఆగవచ్చు. అందుకే ఆసుపత్రిలో మొదట పలుచని పాలు, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం పోస్తారు. ఆకలి తిరిగి వచ్చినాకనే గట్టి ఆహారం. 1996లో ఫ్రాన్సులో పల్లీల ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు కలిపి ప్యాకెట్టు చేసిండ్రు. 92 గ్రాములు, 500 కేలరీలు. పొయ్యి వద్దు, నీళ్ళు కలపవద్దు, తల్లి ఇంట్లోనే తినిపించవచ్చు. దానికి కావలసింది ఒక్కటే, లారీ పోయే దారి.

సూడాన్‌లో లేనిది అదే. 2023 ఏప్రిల్‌లో అక్కడి సైన్యానికీ ఆర్.ఎస్.ఎఫ్. అనే సాయుధ దళానికీ యుద్ధం మొదలైంది. 2024 ఆగస్టులో జమ్‌జమ్ నిర్వాసితుల శిబిరంలో కరువు నిర్ధారణ అయింది. పక్కనే ఎల్ ఫాషిర్ పట్నాన్ని 2024 మే నుండి 2025 అక్టోబరు దాకా ఆర్.ఎస్.ఎఫ్. చుట్టుముట్టింది. 2025 జూన్‌లో తిండి తీసుకపోతున్న ఐక్యరాజ్యసమితి లారీలు 15 దారిలో ఉండగా దాడి జరిగి ఐదుగురు చచ్చిపోయిండ్రు.

ప్రపంచంలో పల్లీలు ఎక్కువ పండించే దేశాలలో సూడాన్ ఒకటి. ఆ పట్నంలో మాత్రం మనుషులు అంబజ్ తిన్నరు. అంబజ్ అంటే నూనె తీసినాక మిగిలే పల్లిచెక్క, మనం బర్లకు పెట్టేది. అది చదివిన రోజు నాకు మెస్సులో పల్లిచట్నీ సయించలేదు.

ఈ పత్రిక కింద మేకుకు నేను కాగితంతో చేసిన పట్టీ తగిలించిన. చూసి మీరూ ఒకటి చేసుకొని ఇంటికి తీసుకపోండి. ఎరుపు వచ్చినా, పాదం సొట్టపడినా ఆ రోజే దవాఖానకు పోవాలె. మా పాపకు ఈ నెల 12.6 వచ్చిందని అక్క ఫోను చేసింది.