స్పేస్ నుంచి వచ్చిన బంగారు రేకా? రిపేర్ షాపు టేపా?

పోయిన నెల అనంతపురంలో ఫ్రెండ్ రిపేర్ షాపులో నా ఫోన్ బ్యాటరీ మార్పిస్తున్నా. వాడు బోర్డు మీద తేనె రంగు టేపు అతికిస్తుంటే షాకయ్యా. "అంతరిక్షానికి వెళ్లొచ్చిన రేకు" అని ఆన్‌లైన్‌లో ఫ్రేము కట్టి అమ్ముతున్న ఆర్ట్ పీస్ కూడా అచ్చం ఇలానే ఉంది! ఆర్డర్ పెట్టబోయి ఆగిపోయా.

అసలు ఏంటీ మెటీరియల్?

పేరు కాప్టన్. డ్యూపాంట్ కంపెనీ 1960లలో తెచ్చిన పాలీఇమైడ్ ఫిల్మ్. మైనస్ 269 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకుంటుంది. మన ఫోన్లో డిస్‌ప్లేని బోర్డుకి కలిపే ఫ్లెక్స్ కేబుల్ కూడా మామూలుగా పాలీఇమైడే.

మరి శాటిలైట్ మీద బంగారంలా ఎందుకు మెరుస్తుంది? ఫిల్మ్ వెనక పలచటి అల్యూమినియం పూత ఉంటుంది. వెలుతురు తేనె రంగు ఫిల్మ్ దాటి, పూతకి తగిలి తిరిగొస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల్ని గుర్తు తెచ్చుకోండి. వెలుతురు దూరేలా పలచన చేసిన మేకతోలు వెనక దీపం ఉంటేనే రంగులు పలుకుతాయి. అక్కడ దీపం చేసే పని ఇక్కడ అల్యూమినియం చేస్తుంది.

విలువ ఎక్కడుంది?

చరిత్రలో. 1969 జులై 24న పసిఫిక్‌లో దిగిన అపోలో 11 కొలంబియా మీది కాప్టన్ ముక్కల్ని తర్వాత యాక్రిలిక్‌లో పొదిగి జ్ఞాపికలుగా ఇచ్చారు. 1979 జులై 11న కూలిన స్కైలాబ్ మన పల్లెల్ని కూడా వణికించింది. 2021లో తెలుగులో "స్కైలాబ్" సినిమా వచ్చింది ఆ భయం మీదే. ముక్కలు మాత్రం ఆస్ట్రేలియాలో పడ్డాయి, కొన్ని ఎస్పరెన్స్ మ్యూజియంలో ఉన్నాయి.

కొనేముందు చూడాల్సినవి

1. ఏ మిషన్, ఏ భాగం అని స్పష్టంగా ఉందా? ఉత్త "స్పేస్ మెటీరియల్" అంటే నమ్మొద్దు.
2. ఎవరు తీశారు, ఎవరి చేతులు మారింది? కాగితాల గొలుసు తెగకూడదు. మెటీరియల్ టెస్ట్ ఒక్కటే చాలదు, షాపు టేపు కూడా కాప్టనే కదా!
3. ఆకాశం నుంచి పడింది దొరికినోడిది కాదు. 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం యాజమాన్యం మారదు. పైగా హైడ్రజీన్ లాంటి విష ఇంధనం మిగిలుండొచ్చు. ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి.

నేనైతే ఒక టేపు రోల్ కొని, పాత ఫ్లెక్స్ కేబుళ్లతో సొంతంగా ఫ్రేము చేసుకున్నా. కింద నిజాయితీగా రాశా: "అంతరిక్షానికి వెళ్లలేదు, అనంతపురం దాటలేదు."